బడికి దారి వేసిన సంఘం

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరుచుకుంటాయి. ఆ వారం మన సంఘాలలో పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతుంది. కొత్త పుస్తకాల సంచులతో పిల్లలు ముందుకు వస్తారు, కాపరి వారి తలలపై చేయి ఉంచి దీవిస్తారు. ఇది మంచి ఆచారమే. అయితే అదే వీధిలో, మందిరపు గోడకు అవతల ఉన్న ప్రాథమిక పాఠశాల మాటేమిటి? అక్కడ చదివే పిల్లల్లో మన సంఘం వారు కొందరు ఉండవచ్చు, అసలు ఉండకపోనూ వచ్చు. ఆ బడి మంచిచెడ్డలతో మనకు పని ఉందా, లేదా?

ఈ ప్రశ్నకు తన జీవితకాలమంతా జవాబు చెప్పిన ఒక సంఘ కాపరి ఉన్నారు. ఆయనే జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్. 1826 జూన్ 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. 2026 జూన్ 1 నాటికి సరిగ్గా 200 ఏళ్లు. అమెరికాలోని ఒహాయోలో 1833లో స్థాపితమైన ప్రసిద్ధ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. కానీ ఆయన పనిచేసింది ఏ మహానగరంలోనూ కాదు. కొండల నడుమ ఐదారు కుగ్రామాలున్న ఒకే ఒక్క సంఘంలో, దాదాపు 59 సంవత్సరాలు.

ఓబర్లిన్ గారు 1740 ఆగస్టు 31న అల్సాస్ ప్రాంతంలోని స్ట్రాస్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. తండ్రి అక్కడి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. పిల్లలు ఎక్కువ, జీతం తక్కువ. ఉన్నదానిలోనే సర్దుకోవడం, మిగిలిందానిలో ఇతరులకు ఇవ్వడం ఆయనకు ఇంటి దగ్గరే అలవడింది. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వేదాంతవిద్య చదివారు. ఒక శస్త్రవైద్యుని ఇంట పిల్లలకు చదువు చెబుతూ, కొంత వైద్యం కూడా నేర్చుకున్నారు. ఆ తర్వాత సైన్యంలో ఒక రెజిమెంటుకు చాప్లిన్‌గా వెళ్లడానికి సిద్ధపడ్డారు.

1767లో ఒకనాడు ఆయన అద్దె గదికి ఒక అతిథి వచ్చారు. ఆయన పేరు స్టూబర్, వోజ్ కొండల్లోని వాల్డెర్స్‌బాక్ సంఘానికి కాపరి. ఆయన మేడమీది ఆ చిన్న గదిలోకి వచ్చేసరికి ఓబర్లిన్ గారు పంటినొప్పితో మంచంమీద ఉన్నారు. మంచానికి కట్టిన తెరలు కాగితంవి. బల్లమీద పైకప్పునుండి ఒక చిన్న మూకుడు వేలాడుతోంది, రాత్రి భోజనం అందులోనే తయారవుతుంది. ఇంత తక్కువతో బతకగలిగిన మనిషే తనకు కావాలని స్టూబర్ గారికి అర్థమైంది. తాను స్ట్రాస్‌బర్గ్‌కు బదిలీ అవుతున్నారు. ఆ కొండ సంఘాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలన్నదే ఆయన బెంగ. సైన్యంలో తన స్థానానికి మరొకరు దొరికితే వస్తానని ఓబర్లిన్ గారు ఒప్పుకున్నారు. అలాగే దొరికారు కూడా.

ఆ లోయను బాన్ ద లా రోష్ అంటారు. వాల్డెర్స్‌బాక్, బెల్మాన్, బెల్‌ఫోస్, ఫూడే, సోల్బాక్ అక్కడి గ్రామాలు. చలికాలం దీర్ఘమైనది, నేల రాతినేల. ఊరి యాస బయటివారికి అర్థం కాదు. సరైన బాట లేదు, నదిమీద వంతెన లేదు. వర్షాకాలంలో, మంచు కురిసే రోజుల్లో పట్టణానికి సరుకు చేర్చడం అసాధ్యం.

బడి సంగతి ఇంకా ఘోరం. స్టూబర్ గారు మొదటిసారి ఆ సంఘానికి వచ్చినప్పుడు బడి చూపించమన్నారట. ఒక పాడుబడ్డ గుడిసెకు తీసుకువెళ్లారు. లోపల పిల్లలు గుంపుగా ఉన్నారు, ఏ పనీ లేకుండా. మూలన చిన్న మంచంమీద ఒక ముసలాయన పడుకొని ఉన్నాడు. ఆయనే పంతులు. పిల్లలకు ఏం నేర్పుతున్నావని అడిగితే, ఏమీ నేర్పడం లేదని చెప్పాడు. ఎందుకంటే తనకే ఏమీ రాదన్నాడు. మరి పంతులు ఎలా అయ్యావని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆయన ఎన్నో ఏళ్లు ఊరి పందులను కాసేవాడు. వయసు మీదపడి ఆ పనికి పనికిరాకపోతే, పిల్లలను కాసే పనికి మార్చారు.

చదువరులారా, ఇది వింటే నవ్వు వస్తుంది. కానీ అందులోని తూకాన్ని గమనించండి. పందులు తప్పిపోతే ఊరికి నష్టం, కాబట్టి అక్కడ ఒళ్లు చురుకైనవాడు కావాలి. పిల్లలు తప్పిపోయినా ఎవరికీ నష్టం లేదు, కాబట్టి అక్కడ ఎవరైనా చాలు. పంతులు పని ఎంత లోకువైపోయిందంటే, కాస్త పరువైన కుటుంబాలు తమ కొడుకులను ఆ పనికి పంపడానికి ఒప్పుకోలేదు. అప్పుడు స్టూబర్ గారు ఒక ఉపాయం ఆలోచించారు. బడిపంతులు అన్న పేరు తీసివేసి, రీజెంట్ అనే గౌరవప్రదమైన పేరు పెట్టారు. ఆ పేరుతో చదువుకున్న యువకులు ముందుకు వచ్చారు. ఆ కొండల్లో బడి బాగుపడటం కట్టడంతో మొదలు కాలేదు, ఉపాధ్యాయునికి ఇచ్చిన మర్యాదతో మొదలైంది.

ఓబర్లిన్ గారు 1767లో ఆ పని అందుకునేసరికి వాల్డెర్స్‌బాక్ బడి అంటే పచ్చి దుంగలతో కట్టిన ఒక గుడిసె, అది కూలడానికి సిద్ధంగా ఉంది. కొత్త బడి కట్టాలని ఆయన సంఘానికి చెప్పారు. సంఘం ఏమన్నదో ఊహించగలరా? వద్దన్నది. చదువుమీద ద్వేషంతో కాదు, ఖర్చు భయంతో. ఈ రోజు కట్టినా రేపు మరమ్మతుల భారం మన నెత్తిన పడుతుందని వారు భయపడ్డారు. ఎన్నో కరువులు చూసిన ప్రజలు వారు, ఆ భయాన్ని తేలికగా తీసిపారేయలేం. కట్టడానికి గానీ, తర్వాత మరమ్మతులకు గానీ ఊరిమీద పైసా భారం పడనివ్వనని ఆయన రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయన దగ్గర సొమ్ము లేదు. స్ట్రాస్‌బర్గ్‌లోని స్నేహితుల తలుపులు తట్టారు, తన చిన్న ఆదాయంలోంచి తీసి ఇచ్చారు. అలా మొదటి బడి లేచింది.

ఆ తర్వాత జరిగినదే అసలు విశేషం. కొత్త బడి తమ కళ్లముందు నిలబడ్డాక, ప్రక్క గ్రామాలవారి మనసు మారింది. కొన్ని సంవత్సరాలలోనే మిగతా ఊళ్లలోనూ బడులు లేచాయి, ఈసారి ఊరివారే పూనుకున్నారు. మొదట కాపరి పని, తర్వాత సంఘం పని. ఆ వరుస తలకిందులుగా జరగాలని కోరుకుంటే బహుశా ఏ ఒక్క బడీ లేచేది కాదు.

కొత్త కాపరిని అందరూ ఇష్టపడ్డారని అనుకోవద్దు. పాత అలవాట్లను కదిలించినవారికి ఎక్కడైనా ఎదురుదెబ్బలు తప్పవు. వచ్చిన కొత్తలో కొందరు ఆయనను కొట్టాలని పథకం వేశారు. ఆ ఆదివారం ఆయన ఎప్పటిలాగే ప్రసంగించారు. ఆరాధన ముగిశాక నేరుగా ఆ కుట్రదారులు కూడుకున్న ఇంటికే నడిచి వెళ్లి, వారు దారికాచే శ్రమ పడనక్కర లేకుండా తానే వచ్చానని చెప్పారు. వారు సిగ్గుపడి క్షమాపణ కోరారు. ఆ తర్వాత వారే ఆయనకు సాయపడ్డారు.

పిల్లలు బడికి రావాలంటే ముందు దారి ఉండాలి. పంట అమ్ముడుపోవాలన్నా, వైద్యుడు రావాలన్నా అదే దారి కావాలి. ప్రధాన రహదారికి చేరేలా బాట వేద్దామని, బ్రూష్ నదిమీద వంతెన కడదామని ఆయన అన్నారు. సాధ్యం కాదని, తీరిక లేదని, ఎవరి పనులు వారికి ఉన్నాయని అందరూ తప్పుకున్నారు. ఆయన వాదించలేదు. పలుగు భుజాన వేసుకొని, తన పనివాణ్ణి వెంటబెట్టుకొని కొండకు బయలుదేరారు. ముళ్లు, బండలు ఎక్కువగా ఉన్న చోటు తమకు ఉంచుకున్నారు. కాపరి చేతులు గీరుకుపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఒక్కొక్కరుగా పనిముట్లు పట్టుకొని వచ్చారు. రాళ్లు పగలగొట్టారు, గోడలు కట్టారు, బాట వేశారు, వంతెన కట్టారు. ప్రేమ వంతెన అని అర్థం వచ్చే పేరు దానికి నిలిచిపోయింది.

ఇక ఆ సంఘపు స్త్రీల సంగతి. ఇది చెప్పకపోతే ఓబర్లిన్ కథ సగమే చెప్పినట్టు. తల్లిదండ్రులు పొలానికి వెళితే చిన్నపిల్లలు వీధుల్లో తిరిగేవారు. ఇంకా బడి ఈడు రానివారు, నాలుగేళ్లవారు, ఐదేళ్లవారు. బెల్మాన్ గ్రామంలో సారా బాంజే అనే యువతి అలాంటి పిల్లలను తన ఇంటికి పిలిచి అల్లిక నేర్పడం మొదలుపెట్టింది. ఎవరూ నియమించలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె తండ్రికి ఇది నచ్చలేదు. డబ్బు రాని పనికి ఇంటి సమయం పాడుచేస్తోందని ఆయన అభ్యంతరం. ఓబర్లిన్ గారు ఆయనను మందలించలేదు. 1769లో ఆయనతో ఒప్పందం చేసుకొని, సారాకు జీతం ఏర్పాటు చేశారు. బీద ఇంటి లెక్కలు ఆయనకు తెలుసు. స్వచ్ఛంద సేవ పేరుతో ఒక పేద కుటుంబంమీద భారం వేయడం ఆయనకు ఇష్టం లేదు.

సారా 1774లో చిన్న వయసులోనే మరణించింది. కానీ ఆ పని ఆగలేదు. ఓబర్లిన్ గారి భార్య మడ్లెన్ సలోమే ఇతర యువతులకు శిక్షణ ఇచ్చింది. ఊరూరా పొయ్యి వెచ్చదనం ఉన్న ఒక గదిలో పిల్లలు కూడుకునేవారు. పెద్దపిల్లలు అల్లిక నేర్చుకునేవారు, చిన్నవారు వారి ప్రక్కన ఆడుకునేవారు. ఆ స్త్రీలు వారికి బైబిలు కథలు చెప్పేవారు, పాటలు నేర్పేవారు, కొండమీది మొక్కల పేర్లు, ఊరి పటాలు చూపేవారు. యాసకు బదులు చక్కని ఫ్రెంచి మాటలు పలికించేవారు. కొట్టడం, భయపెట్టడం లేదు. ఐరోపాలో శిశు పాఠశాలల చరిత్ర రాసేవారు ఈ అల్లిక గదులను మొదటి వరుసలో పేర్కొంటారు. దాని వెనుక ఉన్నది ఒక సంఘపు రైతుబిడ్డలు.

వారిలో ఒకరు లూయీజ్ షెప్లర్. బెల్‌ఫోస్ గ్రామపు పేద పిల్ల. సుమారు 15 ఏళ్ల వయసులో కాపరి ఇంట పనిమనిషిగా చేరింది, త్వరలోనే అల్లిక గదుల్లో ఉపాధ్యాయురాలైంది. మంచులో, గాలిలో ఊరినుండి ఊరికి నడిచి వెళ్లి పిల్లలకు నేర్పేది. 1783లో మడ్లెన్ మరణించినప్పుడు ఆ ఇంట తల్లిలేని పిల్లలు ఏడుగురు మిగిలారు. లూయీజ్ ఆ ఇంటిని తన భుజాలమీద వేసుకుంది. కొన్నేళ్ల తర్వాత తనకు ఇక జీతం వద్దని, కూతురిలా చూసుకుంటే చాలని ఓబర్లిన్ గారిని వేడుకుంది. ఆయన మరణించాక, ఆయన పిల్లలు ఆస్తిలో తమతో సమానంగా ఒక భాగం ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. తన పేరు ప్రక్కన ఓబర్లిన్ అన్న పేరు పెట్టుకోనిస్తే చాలని కోరింది. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సద్గుణానికి ఇచ్చే బహుమానంగా 5,000 ఫ్రాంకులు ప్రకటించింది. ఒక కొండ ఊరి పనిమనిషికి పారిస్‌లోని మహా పండితులు లేచి గౌరవం చూపిన రోజు అది.

బడి ఒక్కటే బాగుపడితే చాలదని ఓబర్లిన్ గారికి తెలుసు. ఆకలితో ఉన్న ఇంటినుండి పిల్లలు బడికి రారు. అందుకే ఆయన మంచి బంగాళదుంప విత్తనం తెప్పించారు. యువకులను తాపీపని, వడ్రంగం, కమ్మరం నేర్చుకోవడానికి పట్టణానికి పంపారు. అవసరంలో ఉన్నవారికి అప్పు ఇచ్చే నిధి పెట్టారు. సంఘంలో స్థిరీకరణ పొందగోరే యువకులు చెట్లు నాటినట్టు రుజువు చూపాలన్నారు. ఒక ఊరి పుస్తకాలు మరో ఊరికి తిరిగే గ్రంథాలయం నడిపారు. తన ఇంట్లో మూడు పెట్టెలు ఉంచి, దశమ భాగాలను వాటిలో వేరుచేసేవారు. ఒకటి దేవుని ఆరాధనకు, ఒకటి ఊరికి ఉపయోగపడే పనులకు, ఒకటి బీదలకు. ఆ రెండవ పెట్టెను గమనించండి. ఊరి మేలు కోసం ఇచ్చిన సొమ్ము కూడా దేవునికి ఇచ్చినదే అని ఆయన లెక్క.

ఫ్రెంచి విప్లవకాలంలో దేవాలయాలు మూతపడ్డాయి, ఆయన జీతం ఆగిపోయింది, 1794లో కొద్ది రోజులు ఆయనను నిర్బంధించారు కూడా. అయినా ఆ విప్లవ ప్రభుత్వమే, ఆ కొండల్లో చదువు వ్యాపింపజేసినందుకు స్టూబర్, ఓబర్లిన్ ఇద్దరినీ ప్రశంసించింది. విశ్వాసాన్ని సహించలేనివారు సైతం ఆ విశ్వాసం కట్టిన బడిని కాదనలేకపోయారు. 1819లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ గౌరవాన్నిచ్చింది.

1826 జూన్‌లో ఫూడే గ్రామపు సమాధుల తోటకు ఆయన అంతిమయాత్ర సాగినప్పుడు చుట్టుప్రక్కల ఊళ్లన్నీ తరలివచ్చాయి. ఆయన లూథరన్ కాపరి. కానీ రోమన్ కతోలిక స్త్రీలు నల్లని దుస్తులలో వచ్చి, సమాధుల తోట చుట్టూ మోకరించి ప్రార్థించారు. ఆయన బ్రతికినంతకాలం తన సంఘంవారికి ఒక మేలు, ఇతరులకు మరొక మేలు అని తేడా చూపలేదు. అంతిమయాత్రలో ఆ సాక్ష్యం కనబడింది.

ఇక మన దగ్గరకు వద్దాం. తెలుగు సంఘాలకు బడి కొత్త విషయం కాదు. మిషనరీల కాలంలో మన పల్లెల్లో ఎన్నో చోట్ల బడి, ప్రార్థనాలయం ఒకే కప్పు కింద ఉండేవి. పగలు అక్షరాలు దిద్దించిన ఉపదేశే సాయంత్రం ప్రార్థన నడిపించేవారు. ఎవరూ దగ్గరకు రానివ్వని పిల్లలు ఆ మట్టినేలమీద కూర్చొని మొదటి అక్షరం నేర్చుకున్నారు. వారి మనుమలు, మునిమనుమలు మనమే. ఆ రుణం మనలో ఎంతమందికి గుర్తుంది?

ఈనాడు పల్లె బడిని ప్రభుత్వం నడుపుతోంది. కాబట్టి మన పాత్ర పోయిందని కాదు, మారిందని అర్థం. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య కమిటీలు ఉండాలి. వాటిలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. మన విశ్వాసులలో ఎంతమంది ఆ కమిటీ సమావేశానికి వెళ్తున్నారు? గోడలకు సున్నం వేయడానికి మన యవ్వనస్థుల కూటమి ఒక శనివారం ఇవ్వలేదా? చదవడంలో వెనుకబడిన మూడో తరగతి పిల్లవాని ప్రక్కన వారానికి ఒక గంట కూర్చోవడానికి విశ్రాంత ఉపాధ్యాయులు మన స్త్రీల సమాజంలో లేరా? ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లి, మీకు ఏం కావాలని ముందు అడగాలి. మనం ఇవ్వాలనుకున్నది కాదు, వారికి అవసరమైనది ఇవ్వాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఓబర్లిన్ కాలపు అల్లిక గదుల్లో బైబిలు కథలు చెప్పారు, అవి ఆ సంఘం ఏర్పాటు చేసినవి, ఆ ఇళ్ల పిల్లలే అక్కడికి వచ్చేవారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయకూడదని మన రాజ్యాంగంలోని 28వ అధికరణ చెబుతోంది. దానిని గౌరవించడం మన సాక్ష్యంలో భాగం. బడికి చేసే సాయం గాలానికి గుచ్చే ఎర కాకూడదు. పలక ఇస్తే పలక కోసమే ఇవ్వాలి. బల్లమీద సంఘం పేరు రాయించుకోవాలన్న కోరిక వస్తే, జీతం వద్దన్న లూయీజ్‌ను గుర్తు చేసుకుందాం. చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు తన ప్రతిఫలం పోగొట్టుకోడని మన ప్రభువు చెప్పనే చెప్పారు.

ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న మన సంఘ కమిటీలోనూ లేస్తుంది. వాల్డెర్స్‌బాక్‌లోనూ లేచింది. అక్కడ దానికి జవాబు తీర్మానాల్లో దొరకలేదు. ఒక మనిషి పలుగు పట్టుకొని నడవడంలో, ఒక యువతి తన గది తలుపు తెరవడంలో దొరికింది. మీ సంఘంలో ఆ మొదటి అడుగు ఎవరిది? ఈ ఆదివారం ప్రార్థనలో ప్రభువును ఆ మాట అడగండి. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు బడి గంట మోగుతుంది.